బడిలో కోర్టు, వెనక బెంచీలో నేను

ఈ మధ్య కరీంనగర్‌లో మా ఇంటికి ఇద్దరు వచ్చారు. అబ్బాయి లా చదివాడు, అమ్మాయి బీఈడీ చేసింది. బడుల్లో పిల్లలకూ టీచర్లకూ చట్టం, పౌరశాస్త్రం చెప్పే పనిలో చేరబోతున్నారు. ఆ పని చేసి రిటైరైనవాణ్ని కనుక నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. టీ తాగుతూ అమ్మాయి అడిగింది: "సార్, గీ పనిల అన్నిటికన్న కష్టం ఏంది? తిరుగుడా, ఆఫీసర్లా?"

తిరుగుడే అన్నాను. నమ్మి వెళ్లిపోయారు.

అది సరైన జవాబు కాదు. బస్సులకు ఒళ్లు అలవాటుపడుతుంది. అధికారులు బదిలీ అవుతారు. అన్నిటికన్నా కష్టం, అదే పని మనకన్నా బాగా చేసే మనిషి పక్క కుర్చీలో ఉండటం. ఆ మాట వాళ్ల ముఖం మీద చెప్పలేకపోయాను. ఇద్దరూ ఒకే స్కూటీ మీద, నవ్వుకుంటూ వచ్చారు మరి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాసిచ్చిన తీర్పు

నేను లాయర్ని కాను. కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కులో చాలా కాలం పనిచేశాను. విలేకరులు పంపిన కోర్టు వార్తలు దిద్దటం నా పని. ఎవరు ఎవరి మీద కేసు వేశారు, ఎందుకు వేశారు, తీర్పు ఏమిటి అన్నది టీకొట్టు దగ్గర పేపరు తిరగేసే మనిషికి కూడా ఒక్క చదువుకే అర్థం కావాలి. ఆ విద్య నాకు వచ్చు. దాని కోసమే మాధవరావు గారు నన్ను పిలిచారు.

ఆయన భూములున్న పాత కుటుంబం మనిషి, ప్రాక్టీసు మానేసిన వకీలు. ఇంటి ముందు గదుల్లో చిన్న సంస్థ పెట్టి, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ప్రభుత్వ బడుల్లో చట్టం పాఠాలు చెప్పిస్తుండేవారు. "చట్టం తెలిసినోళ్లు గల్లీకొకడు ఉన్నడయ్యా. సమజయ్యేటట్టు చెప్పెటోడే దొరుకుతలేడు" అన్నారు. పొంగిపోయి చేరాను.

ఆయనది మంచి మనసు. ఒకటే లోపం, కార్యక్రమాన్ని ఫొటోతో కొలిచేవారు. మేం ఏ ఊరి నుంచి తిరిగి వచ్చినా మొదటి ప్రశ్న, "ఫొటోల ఎన్ని చేతులు లేచినయ్?" చేతులు లేవటం ఎంత తేలికో బడికి వెళ్లిన ఎవరికైనా తెలుసు. "అర్థమైందా?" అంటే అన్నీ లేస్తాయి.

నా పద్ధతి నమూనా కోర్టు. పేపర్లో వచ్చిన ఒక కేసు తీసుకుని, పేర్లు మార్చి, నాటకంలా మాటలు రాసిచ్చేవాణ్ని. జడ్జి, వకీళ్లు, ముద్దాయి, సాక్షులు. పాత గొడుగుల గుడ్డతో నల్లకోట్లు కుట్టించాను. పిల్లలు బట్టీపట్టి అప్పజెబుతుంటే వార్షికోత్సవాల్లో ఈలలు పడేవి. అందరూ నన్ను పేపర్ సార్ అనేవారు.

సుల్తానాబాద్ దగ్గరి ఒక బడిలో మా కోర్టు చూడటానికి ఒక మేజిస్ట్రేటు వచ్చారు. కేసు నకిలీ విత్తనాలది. తీర్పు చదివిన పిల్లవాణ్ని ఆయన దగ్గరికి పిలిచి అడిగారు: "దుకాణపాయనకు శిక్ష ఎందుకు వేసినవ్ బిడ్డా?"

"పేపర్ సార్ గట్లనే రాసిచ్చిండు సార్."

"సార్ రాసింది తప్పైతే?"

"సార్ రాసింది తప్పెట్లైతది సార్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వనిది ఒక్కరే, అప్పుడే కొత్తగా మాతో చేరిన రజిత. తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని, టికెట్లు తీసుకున్నాక మెల్లగా అంది: "అక్కడ జడ్జి ఆ పోరడు గాదన్నా, నువ్వే."

నిజమే. నిజం కనుకే ఆ రోజు నుంచి ఆమె నాకు పడలేదు.

రజిత

రజితది సిరిసిల్ల. తండ్రి మరమగ్గాల మీద పనిచేసేవాడు. వాటిని అక్కడ సాంచాలంటారు. ఆ చప్పుడులో పెరిగింది కాబట్టి గొంతు పెద్దది. లా చదివి, కొంత కాలం సీనియర్ల ఫైళ్లు మోసి, విసిగి ఇటు వచ్చింది. వయసులో నాకన్నా చాలా చిన్నది. నన్ను అన్నా అనేది. ఆ పిలుపులో గౌరవమూ ఉండేది, వెనకాడకుండా మాట అనేసే చనువూ ఉండేది.

క్లాసుకు ఆమె రాసిన కాగితం తెచ్చేది కాదు. వెళ్లగానే "మీ బడిల లొల్లి ఏమున్నది?" అని అడిగేది. పిల్లలు ఒకటి చెప్పేవారు: ఆటస్థలం సగం పెద్ద తరగతి వాళ్లు ఆక్రమించారనో, కుళాయి దగ్గర ఒక వాడ పిల్లల్ని ముందుకు రానివ్వరనో. అదే కేసు. రెండు పక్షాలు చేసేది. ఎవరికి ఏ పక్షం నచ్చుతుందో ఆ పక్షం మాత్రం వాళ్లకు ఇచ్చేది కాదు. తర్వాత ఒకటే షరతు:

"అవతలోళ్ల మాట ముందు నువ్వు చెప్పాలె. విని వాళ్లు 'అవును, మా మాట గిదే' అనాలె. అన్నంకనే నీ మాట. అనకుంటే మళ్ల చెప్పు."

వినటానికి ఇంతే. చేయిస్తే తెలుస్తుంది. సగం పీరియడు "గాదు గాదు, మేం గట్ల అనలే" అన్న అరుపులతోనే పోతుంది. ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. విసిగిపోయి ఒకరిద్దరు కూర్చుండిపోతారు. ఆ తర్వాత ఎక్కడో ఒక పిల్ల, తనకు ఇష్టం లేని పక్షం మాటను ఉన్నదున్నట్టు, ఎదుటివాళ్లకన్నా బాగా చెప్పేస్తుంది. అప్పుడు గది చల్లబడుతుంది. చేతులు లేవవు. ఫొటోకు ఏమీ దొరకదు. ఆ నిశ్శబ్దం నా క్లాసులో ఎన్నడూ రాలేదు. నా క్లాసులో చప్పట్లే వచ్చేవి.

చట్టంలో రెండో పక్షం మాట వినకుండా తీర్పు ఇవ్వకూడదనేది మూల సూత్రం. నేను దాన్ని చార్టు మీద ఎర్ర అక్షరాలతో రాసి గోడకు అంటించేవాణ్ని. ఆమె పిల్లల నోట పలికించేది. తేడా నాకు మొదటి రోజే తెలిసింది. తెలియకపోతే సుఖంగా ఉండేవాణ్ని.

ఒంటరిగా ఏ బడికి వెళ్లినా గేటు దగ్గరే అడిగేవారు: "పేపర్ సార్, మేడం రాలే?" నమస్తే తర్వాత చెప్పేవారు. ఆసిఫాబాద్ వైపు ఒక బడిలో ఆడపిల్లలు సంచి నిండా సీతాఫలాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకే అనుకుని "ఎందుకమ్మా ఇన్ని" అన్నాను. "జర మేడంకు ఇయ్యుండ్రి సార్, నలగనియ్యకుండ్రి" అన్నారు. ఆ సంచిని కరీంనగర్ దాకా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పండినవి వాసన వస్తున్నాయి. ఒక్కటీ ముట్టుకోలేదు. అది నిజాయితీ అనుకోకండి, వాళ్లు ఆమె కోసం కోసిన పండు నా గొంతు దిగదని తెలుసు.

అప్పటి నుంచి ఆమె క్లాసు ఉన్న చోటికి, నాకు పని లేకపోయినా వెళ్లి వెనక బెంచీలో కూర్చునేవాణ్ని. నేర్చుకోవటానికి వచ్చానని ఆమె అనుకుని ఉండవచ్చు. నేను వెళ్లింది తప్పులు ఏరటానికి. దొరికేవి. బోర్డు మీద ఏమీ రాయదు. బెరుకైన పిల్లలు ఒక మూలకు చేరితే ఆలస్యంగా గమనిస్తుంది. గంట కొట్టినా ఆపదు. డెస్కుకు ముందు కొన్నాళ్లు విలేకరిగా తిరిగాను, విన్నది విన్నట్టు గుర్తుండిపోతుంది. పుస్తకం తీస్తే ఎదుటి మనిషి మాట మారుస్తాడని మా పాత ఎడిటర్ "చెవులతోటి రాసుకో" అనేవాడు. అలా ఆమె క్లాసులన్నీ నా చెవుల్లో చేరాయి. భక్తుడు కూడా అంత శ్రద్ధగా వినడు.

టీచర్లకు చెప్పటం

పిల్లలకు చెప్పటం ఒక పని, టీచర్లకు చెప్పటం వేరే పని. సోషల్ టీచరు బడిలో అందరికన్నా మెత్తని మనిషి. పరీక్షలు దగ్గరపడితే ఆయన పీరియడు లెక్కల సారుకు పోతుంది. ఎన్నికల డ్యూటీ, సర్వే ఏదొచ్చినా మొదట ఆయన పేరే. చట్టం తెలియక కాదు, బడిలో తన మాటే చెల్లక ఆయన హక్కుల పాఠం గబగబా చదివేసి వెళ్తాడు. మీరు వెళ్లి ఆయనకు ఇంకో పది సెక్షన్లు నేర్పితే ఏమీ మారదు. నేను చాలా మందికి నేర్పాను, అందుకే చెబుతున్నాను.

ఆసిఫాబాద్‌లో ఒక శిక్షణలో రజిత తన పద్ధతి చేయించి చూపిస్తుంటే, వెనక నుంచి ఒక టీచరు లేచాడు. "మేడం, ఆట మంచిగనే ఉన్నది. గీ ఆటల పడితే సిలబస్ ఎవరు చెప్తరు, మీ బాపా?"

"చెప్తడు సార్. గాయన వచ్చి సిలబస్ చెప్తడు, మీరు పోయి గాయన సాంచాలు నడుపుండ్రి. ఎవలకు ముందు పరేషాన్ అయితదో చూద్దాం."

గది గొల్లుమంది. లేచిన టీచరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. భోజనం దగ్గర ఆయనే ఆమె కోసం కుర్చీ జరిపాడు. అదే మాట నాతో అని ఉంటే ప్రాథమిక హక్కుల ప్రాముఖ్యం మీద అరగంట మాట్లాడి, ఆయన్ని శాశ్వతంగా పోగొట్టుకునేవాణ్ని.

ఆ శిక్షణ తర్వాత మాధవరావు గారు, టీచర్ల శిక్షణ మొత్తాన్ని ఒకరి చేతికి అప్పగిస్తానన్నారు. పాఠం ఎలా ఉండాలో ఆ మనిషే నిర్ణయించాలి. వయసు, అనుభవం నాది. అయినా అది రజితకే వస్తుందని ఆఫీసులో టీ తెచ్చే ఆయనకు కూడా తెలుసు. నేను ఆ పని ఎంత కోరుకున్నానంటే, కోరుకుంటున్నట్టు ఎవరికీ తెలియకూడదని దాని ఊసే ఎత్తేవాణ్ని కాదు.

గేటు కేసు

ఉట్నూర్ నుంచి లోపలికి వెళ్తే ఒక ఉన్నత పాఠశాల ఉంది. ఊరి పేరు అనవసరం. అడవి పల్లెల నుంచి చాలా మంది పిల్లలు జీపుల్లో వస్తారు. ఆ దారిలో జీపుకు టైము ఉండదు. నిండితేనే కదులుతుంది. అంగడి రోజు తొందరగా నిండుతుంది, మిగతా రోజుల్లో డ్రైవరు బీడీ మీద బీడీ కాలుస్తూ మనుషుల కోసం చూస్తుంటాడు. బడిలో ప్రార్థన కాగానే హెడ్మాస్టరు విఠల్ సారు గేటుకు తాళం వేసేవాడు. జీపు పిల్లలు మొదటి పీరియడు అయ్యేదాకా బయటే నిలబడాలి.

రజిత "లొల్లి ఏమున్నది" అని అడగ్గానే తొమ్మిదో తరగతి మొత్తం "గేటు" అంది. నేను మామూలుగానే వెనక బెంచీలో ఉన్నాను.

ఆమె ఎప్పటిలాగే పక్షాలు తిప్పింది. బడి పక్కనే ఇల్లున్న రాజు అనే అబ్బాయికి జీపు పిల్లల పక్షం ఇచ్చింది. రోజూ గేటు బయట నిలబడే ఆత్రం సోంబాయి అనే గోండు అమ్మాయికి హెడ్మాస్టరు పక్షం.

రాజు మొదలుపెట్టాడు. "వీళ్లు జర జల్ది లేస్తే..."

"గాదు!" జీపు పిల్లలందరూ.

"జీపు లేట్ అయితది..."

"గాదు. లేట్ గాదు, నిండది" అంది సోంబాయి. "నువ్వు ఎన్నడన్న జీపుల కూసున్నవా? మేం పొద్దుగాలనే ఎక్కి కూసుంటం. అది కదలది. దిగి నడిస్తే ఇంకా లేట్. మేం ఏం జెయ్యాలె, అది చెప్పు."

రాజు జీపు పిల్లల వైపు తిరిగి చెప్పాడు: "వీళ్లు జల్దే వస్తరు. వీళ్ల చేతుల లేనిదానికి వీళ్లను బయట నిలబెడ్తున్నరు."

"అవును, మా మాట గిదే" అన్నారు.

తర్వాత సోంబాయి హెడ్మాస్టరు మాట చెప్పాలి. ముందు రానన్నది. "నేను చెప్ప మేడం. నన్ను బయట నిలబెట్టెటోని మాట నేనెట్ల చెప్త?" రజిత బతిమాలలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. పిల్ల బెంచీ అంచు గోటితో గీకుతూ, కొంతసేపటికి చెప్పింది. గది చల్లబడింది.

జడ్జిగా కూర్చున్న అమ్మాయి ఇచ్చిన తీర్పు నాకు ఇప్పటికీ గుర్తు. "తాళం పెట్టుడు తప్పు గాదు. తాళంచెవి ఒక్కల దగ్గరనే ఉండుడు తప్పు. తొమ్మిదో తరగతోళ్లల్ల రోజుకొక్కలు తాళంచెవి పట్టుకొని, జీపు వచ్చేదాక గేటు కాడ ఉండాలె."

ఎవరో అడిగారు, "ముందుగాల ఎవలకు మేడం, తాళంచెవి?"

"అది మీరు మీరు అనుకోండ్రి. నేను మీ బడిదాన్ని గాదు" అని రజిత సంచి సర్దుకుంది. మధ్యాహ్నం జీపు నిండుతోందని కేక వినిపిస్తే పరుగున ఎక్కేశాం. హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి, పిల్లలు ఇలా అనుకున్నారని ఆమె ఒక్క మాట చెప్పలేదు. ఇది తప్పు అని జీపులో నాకు సంతోషంగా తోచింది. ఆమెకు గుర్తు చేయలేదు. ఆమె క్లాసు ఆమెది.

ఫొటో

మర్నాడు పొద్దున ఊళ్లో ఉండే తొమ్మిదో తరగతి పిల్లలందరూ గేటు దగ్గర చేరారు. బడి మీద కోపంతో కాదు. మొదటి రోజు తాళంచెవి తనకంటే తనకని. రాజు తన ఇల్లు దగ్గర కాబట్టి తనకన్నాడు. తీర్పు ఇచ్చిన అమ్మాయి తనకన్నది. ఎవరూ తగ్గలేదు, లోపలికి పోతే, సారు రాగానే గేటు దగ్గరున్నవాళ్లు తాళంచెవి అడిగేస్తారని ఎవరూ లోపలికీ పోలేదు. ప్రార్థన బెల్లు కొట్టారు. అరుపులు విని విఠల్ సారు తాళం చేతిలో పట్టుకుని వచ్చాడు.

అదే సమయానికి బైకు మీద పోతున్న ఒక విలేకరి ఆగి ఫొటో తీశాడు. గేటు బయట అరుస్తున్న పిల్లలు, లోపల తాళంతో హెడ్మాస్టరు. "గేటు ముందు విద్యార్థుల ధర్నా" అని వార్త వచ్చింది. అతన్ని తప్పు పట్టను. ఆ ఫొటో డెస్కులో నా ముందుకు వచ్చి ఉంటే నేనూ అదే శీర్షిక పెట్టేవాణ్ని.

విఠల్ సారు భయపడ్డాడు. మెమో వస్తుందన్న భయం ఎంత పెద్దదో ప్రభుత్వ ఉద్యోగులకు చెప్పనక్కర్లేదు. పిల్లల్ని గద్దించి అడిగితే ఒకడు బెదిరిపోయి "మేడమే నిలబడుమన్నది" అన్నాడు. పిల్లలు అలాగే అంటారు, పెద్దలూ అంటారు. ఆ మాట మీద సారు ఫిర్యాదు పంపాడు. బయటి సంస్థ మనిషి వచ్చి పిల్లల్ని బడి మీదికి ఉసిగొల్పిందని. విచారణకు విద్యాశాఖ అధికారి వస్తున్నారనీ, ఫిర్యాదు నిజమని తేలితే ఇక మమ్మల్ని ఆ జిల్లాలో ఏ బడిలోకీ రానివ్వరనీ కబురు వచ్చింది.

హెడ్మాస్టరు గదిలో

విచారణకు మాధవరావు గారి కారులోనే వెళ్లాం. ఉట్నూర్‌లో టీకి ఆగినప్పుడు రజిత దూరంగా ఫోన్లో తల్లితో మాట్లాడుతోంది. మాధవరావు గారు నా భుజం మీద చెయ్యేశారు.

"నువ్వు ఆ రోజు క్లాసుల ఉన్నవని వాళ్లకు ఎరుకే. నిన్ను అడుగుతరు. అబద్ధం ఆడుమంటలేను. 'వెనక కూసున్న, సరిగ్గ వినబడలే' అను, చాలు. తప్పు రజితదని రాసుకుంటరు, ఆమెను మనం తీసేస్తం, ప్రోగ్రాం నిలుస్తది. టీచర్ల ట్రైనింగ్ ఇగ నువ్వే చూస్కో."

టీ గ్లాసు వేడిగా ఉంది. "ఆమె ఏం జేస్తది మరి?" అన్నాను.

"లా చదివింది, ఏదో ఒకటి చేస్కుంటది. నువ్వు ఫికర్ చెయ్యకు."

నేను కోరుకున్నది అంత చవకగా, అంత తొందరగా చేతికి వస్తుందనుకోలేదు. దారంతా ఆ వాక్యాన్ని లోలోపల అనుకుంటూ వచ్చాను. వెనక కూసున్న, సరిగ్గ వినబడలే. తేలికైన వాక్యమే.

రజితను వరండాలో కూర్చోమన్నారు. గదిలో అధికారి, విఠల్ సారు, మాధవరావు గారు, నేను. అధికారి నడివయసు మనిషి, తొందర లేదు. "మీరే గదా పేపర్ సార్ అంటే. ఆ రోజు ఆ మేడం ఏమన్నది?"

ఆ వాక్యం చెప్పటానికి నోరు తెరిచాను. రాలేదు. దీన్ని నీతిగా రాసుకోను. సంవత్సరాల పాటు ఆమె క్లాసుల్లో చెవులు రిక్కించి కూర్చున్నవాణ్ని. ఆమె ప్రతి మాట, ప్రతి తప్పు నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. నాకు మిగిలిన గొప్ప అదొక్కటే. వినబడలేదని అంటే అది కూడా పోతుంది.

మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. రాజు ఏమన్నాడు, సోంబాయి ఎక్కడ ఆగింది, తీర్పులో మాటలు, తాళంచెవి ఎవరికన్న ప్రశ్న, ఆమె జవాబు. గేటు దగ్గర నిలబడమని ఆమె అనలేదని, పిల్లలు కొట్లాడుకుంది తాళంచెవి కోసమని గదిలోకి వచ్చే ముందు వాళ్లే నాతో అన్నారని. అక్కడితో ఆగలేదు. "ఆమె తప్పు ఉన్నది సార్. మొదటి వంతు ఎవరిదో తేల్చకుండ పోయింది. హెడ్మాస్టర్ సార్‌కు ఒక్క మాట చెప్పలే. చెప్తే గీ లొల్లే లేకుండె" అన్నాను. ఆ ముక్క చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం హుషారుగానే ఉండి ఉంటుంది.

అధికారి నా వైపే చూశారు. "మీకు ఆమె అంటే పడదా?"

"పడదు సార్."

మాధవరావు గారు దగ్గారు. అధికారి చిన్నగా నవ్వి, "అయితే మీ మాట నమ్మొచ్చు" అన్నారు.

విఠల్ సారు ఊరుకోలేదు. "సార్, వీళ్లు వీళ్లు ఒకటే. పిల్లలకు నా మీద పగ నేర్పిండ్రు. లేకుంటే నా తాళంచెవి మీద పిల్లలు తీర్పు చెప్పుడేంది?"

అప్పుడు నాకు తోచింది చెప్పాను. "పగనో కాదో సోంబాయిని పిలువుండ్రి సార్. ఆ రోజు మీ తరఫున మాట్లాడింది ఆమెనే."

అమ్మాయి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. భయపడకుండా ఆ రోజు చెప్పింది చెప్పమన్నారు. నేలను చూస్తూ మొదలుపెట్టింది.

"మా బడికి గేటు కాడ మనిషి లేడు. సార్ మొదటి పీరియడు మాకు లెక్కలు చెప్తడు. జీపు వచ్చినప్పుడల్ల తాళం తియ్యనీకి పోతే లెక్క ఆగుతది. తాళం పెట్టకుంటే చిన్న పోరలు వాగుకు పోతరు. పోయినసారి ఒక పోరడు పోతే సార్ అన్నం తినకుండ దేవులాడిండు. పోరనికి ఏమన్న అయితే ఊరోళ్లు సార్‌నే అడుగుతరు. అందుకే తాళం. మమ్ముల నిలబెట్టుడు సార్‌కు ఖుషీ గాదు."

చెప్పి, షరతు గుర్తొచ్చినట్టు తలెత్తి విఠల్ సారును అడిగింది: "సార్, మీ మాట గిదేనా?"

విఠల్ సారు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. వాటిని మళ్లీ పెట్టుకుని "గిదే బిడ్డా" అన్నాడు. తర్వాత అధికారి వైపు తిరిగి, "గేటుకు మనిషిని ఇయ్యుమని ఎన్నోసార్లు అడిగిన సార్, గీ మాట నా స్టాఫు గూడ అనలే" అన్నాడు.

వరండాలో కుర్చీ కిర్రుమంది. రజిత అంతా వింటోందని అప్పుడు గుర్తొచ్చింది.

ఫిర్యాదు ఆ గదిలోనే ముగిసింది. తాళంచెవి వంతులు విఠల్ సారే పేర్లు పిలిచి వేశాడు. తాళంచెవి జీపు పిల్లలకు పనికిరాదు కదా, వాళ్లే ఆలస్యం. మొదటి వంతు రాజుకు దక్కింది. తీర్పు ఇచ్చిన అమ్మాయి రాజు ముఖం చూడకుండా కాళ్లు నేలకేసి కొడుతూ వెళ్లిపోయింది. ఆ పిల్ల బాధ ఆ బడిలో నాకొక్కడికే పూర్తిగా అర్థమైంది.

ఆ తర్వాత

తిరుగు ప్రయాణంలో ఉట్నూర్ దాటాం. మాధవరావు గారు ముందు సీటు నుంచి, వెనక్కి తిరగకుండానే, "రజితా, టీచర్ల ట్రైనింగ్ నువ్వే చూస్కో" అన్నారు. నా కోసం దాచిన పని నా మాటతోనే ఆమెకు వెళ్లింది. కిటికీ బయట పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను.

రజిత థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే భరించేవాణ్ని కాదేమో. "నా క్లాసు నాకే గంత యాదికి లేదన్నా" అంది. "నువ్వు నా మీద పగబట్టి విన్నవ్."

"అవును" అన్నాను.

"మంచిదే. ట్రైనింగుల గూడ వెనక కూసో. సాయంత్రం తప్పులు చెప్పు. మెచ్చుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు నాకు."

రిటైరయ్యేదాకా అదే చేశాను. ఆమె నిలబడి చెప్పేది, నేను వెనక కూర్చునేవాణ్ని. ప్రతి సాయంత్రం తప్పులు చెప్పేవాణ్ని, ఆమె వాదించేది, కొన్ని దిద్దుకునేది, కొన్నింటికి నన్ను తిట్టేది. బడి వదిలే ముందు హెడ్మాస్టరు గదిలోకి వెళ్లటం మా పనిలో నియమమైంది. నేను రాసిచ్చే నాటకాలు ఆగిపోయాయి. టీచర్లు ఫోన్ ఆమెకే చేసేవారు. నాకు అలవాటు కాలేదు. అసూయ వయసుతో తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దానికి ఏదో ఒక పని పెట్టండి, అంతే.

నా ఉద్యోగంలో చివరి శిక్షణ ఆసిఫాబాద్‌లో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా విన్నాను. బెరుకైన టీచర్లను మొదటి పూటలోనే ముందుకు తెచ్చింది. బోర్డు వాడింది. గంట కొట్టగానే ఆపింది. అందరూ వెళ్లాక టీ తెప్పించి నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పన్నా. ఇయ్యాల ఏం తప్పులు?"

పొద్దుటి నుంచి జరిగిందంతా ఒకసారి వెనక్కి తిప్పుకుని విన్నాను. ఇంకోసారి విన్నాను. ఆమె గ్లాసు ఖాళీ అయింది, నాది మీగడ కట్టింది.

"ఏం లేవు" అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నా ముఖం చూసి నవ్వలేదు. నా ముందున్న చల్లటి టీ తీసుకుని, పారబోసి, ఇంకొకటి వేడిగా తెమ్మని కేకేసింది.